గెలుపుకు ముందటి ఏడాది
(వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ వేదిక మీద జమాఖర్చులు వినిపిస్తుంటాం. అవి ఈ సంచికలోనే అచ్చయ్యాయి కనుక, ఈసారి ఒక చిన్న కాలేజీ జట్టు సంగతి చెబుతాం.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో డాన్‌విల్ అనే చిన్న పట్టణం ఉంది. 1921లో అక్కడి సెంటర్ కాలేజీ విద్యార్థులు 300 మందికి లోపే. వాళ్ల ఫుట్‌బాల్ మనం ఎరిగినది కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకొని పరుగెత్తే ఆట. 1920లో ఆ జట్టు హార్వర్డ్ విశ్వవిద్యాలయం చేతిలో 31–14తో ఓడింది. మరుసటి ఏడు మళ్లీ వెళ్లింది. అక్టోబరు 29న, రెండో సగం మొదట్లో, మెక్‌మిల్లిన్ అనే ఆటగాడు 32 గజాలు పరుగెత్తి ఆరు పాయింట్లు తెచ్చాడు. ఇక ఎవరికీ పాయింటు రాలేదు. 1919, 1920 సీజన్లలో ఓటమి ఎరగని హార్వర్డ్ 6–0తో ఓడిపోయింది.

ఆటకు ముందు ప్రార్థన చేసే అలవాటు వల్ల ఆ జట్టుకు ‘ప్రార్థించే కల్నల్స్’ అని పేరొచ్చింది. దువా విలువ ఈ సభకు మేము చెప్పనక్కరలేదు. దువాతోపాటు జరిగిన మరో పని చెబుతాం.

మెక్‌మిల్లిన్ టెక్సస్ కుర్రవాడు. కాలేజీలో చేరడానికి అతని చదువు సరిపోలేదు. ఆటగాడు కదా అని నేరుగా చేర్చుకోలేదు, అర్హత లేదని వదిలేయనూ లేదు. సోమర్సెట్ అనే ఊరి హైస్కూల్లో ఒక ఏడాది చదివి, ఆ తరువాతే కాలేజీలో అడుగుపెట్టాడు. 32 గజాల పరుగు అందరికీ గుర్తుంది. ఆ ఒక్క ఏడాది లేకపోతే ఆ పరుగే లేదు.

మన దగ్గర హిఫ్జ్ పూర్తి చేసిన పిల్లవాడికి ఖురాన్ మొత్తం కంఠస్థం. చేతిలో పదో తరగతి సర్టిఫికెట్ మాత్రం ఉండదు. ఓపెన్ స్కూల్లో పరీక్ష రాయవచ్చు. కానీ లెక్కలు, ఇంగ్లీషు నేర్పే మాస్టారికి జీతం, ఏడాదిపాటు భోజనం, పరీక్ష ఫీజు కావాలి. ర్యాంకు వచ్చిన బిడ్డకు బహుమతి ఇవ్వడానికి చాలామంది ముందుకొస్తారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. ర్యాంకుకు ముందటి ఏడాదికే చేయూత దొరకడం కష్టం. అది ఫోటోలో పడదు.

సెంటర్ జట్టు ఎప్పుడూ గెలిచిందని కాదు. 1922 జనవరి 2న డల్లాస్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం జట్టు చేతిలో 22–14తో ఓడింది. గెలిచినవాళ్లలో గాయపడినవారు ఎక్కువై, గిల్ అనే విద్యార్థిని ప్రేక్షకుల్లోంచి పిలిచారు. అతను ఆట దుస్తులు వేసుకొని చివరివరకూ సిద్ధంగా నిలబడ్డాడు. ఆడే అవసరం రాలేదు. అయినా ఆ కళాశాల నేటికీ అతన్ని ‘పన్నెండో ఆటగాడు’ అని తలుచుకుంటుంది.

దాతలారా, మా పిల్లలకు మీరు అలాంటి పన్నెండో మనిషి. ఈ ఏడు ఒక్కొక్కరు ఒక్కో బిడ్డకు ఆ ముందటి ఏడాదిని ఇవ్వండి. జకాత్ అర్హులకు జకాత్ నుంచి, మిగతావారికి సదకా నుంచి ఖర్చు చేసి, వేర్వేరుగా లెక్క అప్పగిస్తాం, ఇన్షా అల్లాహ్.