ట్రాలీ దీపము ఆరి వెలుగుచున్నచో
(ప్రసంగ పాఠము)



రాత్రివేళ సరుకుతో బయలుదేరి, చాంద్రాయణగుట్ట మీదుగా గౌలిపుర సందులకు ట్రాక్టరు తోలుకొని వచ్చు రైతును తలచుకొనండి. గతుకు తగిలినప్పుడెల్ల ట్రాలీ వెనుకనున్న ఎఱ్ఱదీపము ఆరి, మరల వెలుగుచుండును. ముందు కూర్చున్న రైతుకు ఆ దీపము కనిపించదు. దీపమారిన క్షణమున, వెనుక వచ్చు లారీవానికి ట్రాలీయే కనిపించదు.

మెకానిక్కు వద్దకు తీసుకొనిపోయిన, బండి నిలిచియుండగా దీపము చక్కగా వెలుగును. "ఏ లోపమూ లేదు పొమ్మ"నును. వచ్చిపోయెడి లోపము ఊరక చూచిన దొరకదు. దీపము వెలిగించి, తీగ కదపి చూడవలెను.

మొదట ఎర్త్ చూడండి. కరెంటు తీగ ద్వారా దీపమునకు పోయి, ఇనుప బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వచ్చును. వేరుగా ఎర్త్ తీగ లేని ట్రాలీకి తిరుగుదారి హుక్కు పిన్నే. గ్రీజు, తుప్పు పట్టిన ఆ పిన్ను గతుకు గతుకునకు అంటుచు, వదలుచు ఉండును. పొడవైన తీగ తీసుకొని ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినలుకు, రెండవ కొస దీపపు హోల్డరు బాడీకి ఆనించి, ట్రాలీని ఊపి చూడండి. దీపము మినుకుట మానినచో దోషము ఎర్త్‌దే.

మీటరున్నవారు ఒక మోసము గమనించవలెను. తీగలో పోగులన్నియు తెగి ఒక్కటి మిగిలినను, బల్బు తీసి చూచిన మీటరు 12 వోల్టులు నిండుగా చూపును. మీటరు లాగు కరెంటు లెక్కలోనిది కాదు గదా! 55 వాట్ల ముందుదీపమునకు సుమారు 4.6 ఆంపియర్లు కావలెను. దారిలో అర ఓము అడ్డమున్నచో దాదాపు 2 వోల్టులు అక్కడనే పోవును. స్టార్టరు 200 ఆంపియర్లు లాగునప్పుడు ఓములో నూరవ వంతు అడ్డమే 2 వోల్టులు మింగును. కావున దీపము వెలుగుచుండగనే, బ్యాటరీ ఎర్త్ టెర్మినలుకు, హోల్డరు బాడీకి మధ్య మీటరు పెట్టండి. అర వోల్టు దాటినచో ఆ దారి బాగుచేయవలెను.

ఎర్త్ బాగున్నచో, ఒకరిని దీపము చూడమని, తీగను జానెడు జానెడుగా కదపండి, లాగకండి. మలుపులు, రేకు రంధ్రములు, ప్లగ్గు జాగ్రత్తగా చూడండి. గడ్డివాము ప్రక్కన బండి నిలుపువారికి ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు.

బాగుచేయునప్పుడు బ్యాటరీ ఎర్త్ తీగ ముందు విప్పి, కడపట బిగించండి. ఇనుము మెఱయునట్లు ఉప్పుకాగితముతో రుద్ది, బోల్టు బిగించి, పైన వాజెలిన్ పూయండి. ట్రాలీకి ప్రత్యేకముగా ఎర్త్ తీగ వేయించండి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వానాకాలము నిలువదు. ఫ్యూజు స్థానమున రాగితీగ పెట్టుట మాత్రము వద్దు. ఒరిసిన తీగ బాడీకి తగిలినచో బండియే అంటుకొనును.

పని ముగిసిన పిమ్మట ఖాళీ ట్రాలీని గతుకుల దారిలో ఒకమారు నడిపి, వెనుక మోటారుసైకిలుపై ఒకరిని రమ్మని దీపము చూడమనండి.