మన చరిత్ర – మన భాష – మన దేశం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర, సంస్కృతి కలిసి ఒక జాతికి తన రూపం ఎలా ఇస్తాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కబురు పంపారు. విషయం పెద్దది. మేము చరిత్ర పండితులం కాము. అందుచేత సిద్ధాంతాల జోలికి పోకుండా, మన ఇళ్ళలో జరిగే సంగతుల నుంచే మొదలుపెడతాం.

మాకు తెలిసిన ఒక అమ్మాయి వుంది. పేరెందుకు గాని, బాగా చదువుకుంటున్న పిల్ల. ఆ మధ్య తెలుగు పద్యాల పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది. బహుమతి ఇచ్చిన పెద్దమనిషి ఎంతో మెచ్చుకుని, చివర్లో "తెలుగు యింత బాగా ఎప్పుడు నేర్చుకున్నావమ్మా? మీవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని అడిగారట. ఆయన చెడ్డవారు కారు. అభిమానంతోనే అడిగారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి బహుమతి ఒక మూల పెట్టి మమ్మల్ని అడిగింది: "చాచా, మా ముత్తాత సమాధి కూడా మా వూళ్ళోనే వుంది కదా. నేను ఎక్కణ్ణుంచి వచ్చానని చెప్పాలి?"

కథ అక్కడితో అయిపోలేదు. అదే రోజు రాత్రి అన్నాల దగ్గర చుట్టం ఒకాయన, "యీ పద్యాలు మనకెందుకమ్మా, అవి వాళ్ళవి" అన్నాడు. చూశారా! ఒకరు బయటనుంచి తలుపు మూస్తే, యింకొకరు లోపలినుంచి గడియ పెట్టారు. మధ్యలో ఆ పిల్ల నిలబడిపోయింది. యీ రోజు మేము చెప్పబోయేదంతా ఆ పిల్లకు చెప్పవలసిన జవాబే.

ముందు గోలకొండ దగ్గరకు వెళదాం. ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 వరకు ఏలాడు. సింహాసనం దక్కక ముందు ఏడేళ్ళ పాటు విజయనగరంలో తలదాచుకున్నాడు. అక్కడ తెలుగు విన్నాడు, తెలుగు కవిత్వం మీద మక్కువ పెంచుకున్నాడు. తెలుగు కవులు ఆయనను "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన "తపతీ సంవరణోపాఖ్యానం" ఆయనకే అంకితమిచ్చాడు. సంస్కృత పదాలు లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం పొన్నిగంటి తెలగన రాసిన "యయాతి చరిత్ర". దాన్ని అంకితం పుచ్చుకున్నది ఎవరు? పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్ ఖాన్. అచ్చ తెలుగు కావ్యం ఒక ఖాన్‌గారి ప్రాపున పుట్టింది. యీ ఒక్క ముక్క మన పిల్లలకు ఎంతమందికి తెలుసు? ఆ బహుమతి ఇచ్చిన పెద్దమనిషికి తెలుసో లేదో!

అలాగని చరిత్రను తేనెలో ముంచి చూపించకూడదు. అదే ఇబ్రహీం కుతుబ్ షా 1565లో తళ్ళికోట యుద్ధంలో, తనకు నీడ ఇచ్చిన విజయనగరం మీదనే కత్తి కట్టాడు. మరొక నూరేళ్ళకు పైగా గడిచాక, అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న ప్రధానమంత్రి, అక్కన్న ఆయనకు కుడిభుజం. 1687లో ఆ గోలకొండను పడగొట్టింది ఔరంగజేబు పాదుషా. అంటే ముస్లిం సుల్తాను కొలువును నడిపింది బ్రాహ్మణ మంత్రులు, దాన్ని కూల్చింది ముస్లిం పాదుషా. మతాన్ని బట్టి గీత గీసి, యిటువైపు మనవాళ్ళు, అటువైపు వాళ్ళవాళ్ళు అని చరిత్రను పంచుకోవాలంటే కుదరదు. రాజులు రాజ్యాల కోసం కొట్టుకున్నారు. జనం మాత్రం పక్కపక్కనే బతికారు.

జనం పక్కపక్కన బతికితే ఏమవుతుందో మన నోటి మాటల్లోనే వుంది. రైతు, జిల్లా, దుకాణం, కుర్చీ, జవాబు, బాకీ, వసూలు, ఖర్చు, అర్జీ, ఫిర్యాదు, వకీలు, రాజీనామా – యివన్నీ అరబ్బీ, పారశీకం నుంచి వచ్చి తెలుగింటి బిడ్డలైపోయాయి. అన్నం పెట్టేవాడిని "రైతు" అని పిలవకుండా తెలుగువాడికి ఒక్క రోజు గడుస్తుందా? ఆ మాట మూలం అరబ్బీ "రయ్యత్". రెవెన్యూ లెక్కల్లో పంట సంవత్సరాన్ని "ఫసలీ" అన్నాం. ఇటువంటి మాటలు ఎంతగా కలిసిపోయాయంటే, 19వ శతాబ్దంలో బ్రౌను దొర తెలుగులోని మిశ్రభాషా పదాలకు ఒక నిఘంటువే తయారుచేయవలసి వచ్చింది.

ఇచ్చింది మనమొక్కరమే కాదు, పుచ్చుకున్నాం కూడా. హైదరాబాదు ఇళ్ళలో చింతచిగురు వేసి వండే మాంసాన్ని "చిగుర్ గోష్త్" అంటారు. ఆ "చిగుర్" అచ్చంగా తెలుగు చిగురే. మన ఖట్టీ దాల్‌కు పులుపునిచ్చే చింతపండు యీ నేల రుచి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకు వెళ్ళి చూడండి. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఒకరి రొట్టె ఒకరు పుచ్చుకునేటప్పుడు ఎవరూ ఎవరి మతం అడగరు. ఉగాదినాడు దేవుని కడప ఆలయానికి ముస్లిములు వెళ్ళే ఆచారం వుంది. యిటువంటి ఆచారాల మీద మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలు వున్నాయి. ఆ చర్చ ఉలమాలు చేసుకోవలసినది, యీ సభలో దాని జోలికి పోము. ఒకే చెరువు, ఒకే వూరు, ఒకే కరువు, ఒకే పంట మనుషుల్ని ఎలా కలిపి వుంచాయో చెప్పడానికే యీ ప్రస్తావన.

ఇక జాతి అనే మాటకు వద్దాం. జాతిని కలిపి వుంచేది ఏది? మతం ఒక్కటే చాలునని కొందరు అనుకున్నారు. 1947లో పాకిస్తాన్ ఆ ఆలోచన మీదే ఏర్పడింది. 1948 మార్చిలో జిన్నాగారు ఢాకా వెళ్ళి, రాజభాష ఉర్దూ ఒక్కటే అని ప్రకటించారు. అక్కడివారూ ముస్లిములే. నమాజు ఒకటే, రంజాను ఒకటే. కాని తల్లి జోలపాట బెంగాలీ. 1952 ఫిబ్రవరి 21న భాష కోసం వూరేగింపు తీసిన విద్యార్థుల మీద ఢాకాలో కాల్పులు జరిగాయి, కుర్రవాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. 1956 రాజ్యాంగంలో బెంగాలీకి చోటిచ్చినా, అప్పటికే మనసులు విరిగిపోయాయి. అధికారంలోనూ, సంపాదనలోనూ జరిగిన అన్యాయాలు తోడై, 1971లో బంగ్లాదేశ్ ఏర్పడింది. ఆ ఫిబ్రవరి 21నే యునెస్కో 1999లో అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది.

సరే, మతం చాలదు, భాష చాలునా? దానికి జవాబు మన ఇంట్లోనే వుంది. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. అందరిదీ తెలుగే. కాని ఒకరు తెల్లదొరల మద్రాసు కింద, మరొకరు నిజాం సర్కారు కింద పెరిగారు. బడులు వేరు, భూముల పద్ధతులు వేరు, పడిన కష్టాలు వేరు. యిచ్చిన మాటలు నిలబడలేదన్న బాధ 1969లో ఒకసారి ఉద్యమమై లేచింది. చివరకు 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఇది రాష్ట్రాల సంగతే గాని దేశాల సంగతి కాదు. అయినా పాఠం ఒకటే. మతం ఒకటైనా, భాష ఒకటైనా, ఒకరి చరిత్రను యింకొకరు గౌరవించకపోతే, న్యాయంగా పంచుకోకపోతే, కలిసి వుండడం కష్టం. ఆ రెండూ వుంటే మతాలు వేరైనా, భాషలు వేరైనా కలిసి బతకవచ్చు. భారతదేశం పెట్టుకున్న నమ్మకం అదే. మన రాజ్యాంగం 29వ అధికరణంలో ఎవరి భాష, లిపి, సంస్కృతిని వారు కాపాడుకునే హక్కు ఇచ్చింది. మౌలానా ఆజాద్ 1940లో రామ్‌గఢ్ కాంగ్రెస్‌లో అధ్యక్షోపన్యాసం చేస్తూ, తాను ముస్లింనైనందుకూ గర్విస్తాను, భారతీయుణ్ణయినందుకూ గర్విస్తాను, రెండూ ఒకదానికొకటి అడ్డు కావు అన్న అర్థంలో మాట్లాడారు. మన అమ్మాయికి జవాబులో సగం అక్కడే వుంది.

మిగిలిన సగం నిజం చెప్పుకోవడంలో వుంది. 1948 సంగతి తీసుకోండి. రజాకార్లు చేసిన ఘోరాలు నిజం. ఆ ఘోరాలను తన "ఇమ్రోజ్" పత్రికలో ఎదిరించి, హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపడం నిజం. సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత, ఏ పాపం ఎరుగని ముస్లిములు వేలమంది ప్రాణాలు పోగొట్టుకున్నదీ నిజమే. దాన్ని విచారించిన పండిట్ సుందర్‌లాల్ సంఘం నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. మొదటిది మనం దాచకూడదు, రెండోది వారు దాచకూడదు. సగం చరిత్ర చెప్పేవాడు మిగతా సగం పడినవాడికి పరాయివాడుగానే కనిపిస్తాడు.

ఇప్పుడు మన తప్పుల సంగతి. ఉర్దూ మన ఇంటి వెలుగు, దాన్ని వదులుకోమని ఎవరూ అనకూడదు. కాని తెలుగును "వాళ్ళ భాష" అని మనమే దూరం పెట్టిన రోజులు వున్నాయి. పిఠాపురం ఉమర్ ఆలీషాగారు (1885–1945) తెలుగు పద్యాన్ని సొంత ఆస్తిలాగా ఏలుకున్నారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. అటువైపునుంచి చిలుకూరి నారాయణరావుగారు ఖురాన్ షరీఫును తెలుగులోకి తెచ్చారు. ఒకరి తలుపు ఒకరు తట్టిన యీ యిద్దరి పేర్లూ మన పిల్లలకు తెలియకపోతే, ఆ దోషం బడిది ఒక్కటే కాదు, మన ఇళ్ళది కూడా.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాం. మా ఇంట్లో ఒక పాత తగరపు పెట్టె వుండేది. అందులో ఉర్దూలో ఉత్తరాలు, తెలుగులో బాకీల లెక్కలు, స్టాంపు కాగితాల దస్తావేజులు వుండేవి. మా తండ్రిగారు పోయిన తరువాత ఇల్లు సర్దుతూ, చదలు పట్టిందని, తూకానికి అమ్మేశాం. ఎవరినో అనడం లేదు, అమ్మింది మేమే. యీ రోజు ఆ అమ్మాయి "ఎక్కణ్ణుంచి వచ్చామని చెప్పాలి?" అని అడిగినప్పుడు, చేతిలో పెట్టి చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేకపోయింది. ఆ సిగ్గు మమ్మల్ని యిప్పటికీ పీడిస్తోంది.

అందుచేత సంఘానికి మూడు మనవులు. ఒకటి – ఇళ్ళలో వున్న పాత కాగితాలు, పెళ్ళి పత్రాలు, ఫొటోలు పారవేయకుండా ఫోనుతోనయినా ఫొటో తీసి సంఘం దగ్గర ఒకచోట భద్రం చేద్దాం. రెండు – డెబ్బై దాటిన పెద్దల దగ్గర మన పిల్లల్ని కూర్చోబెట్టి, వారు చెప్పే వూరి సంగతులు రాయిద్దాం. తెలుగులోనే రాయిద్దాం, పొరుగువారు కూడా చదువుకోవాలి గనుక. మూడు – ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ రెండు లిపులూ రావాలి. తాతగారి ఉర్దూ ఉత్తరం చదవడానికి ఒకటి, వూరి తెలుగు శాసనం చదవడానికి ఒకటి.

ఆ అమ్మాయి యీ సభలోనే వుంది. అమ్మా, యీసారి ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే కోపం తెచ్చుకోకు. "మేము ఎక్కణ్ణుంచీ రాలేదండీ, ఇక్కడే వున్నాం. రండి, మా వూరి కథ చెబుతాను" అను. ఆ కథ నీ చేతికి అందించే బాధ్యత మాది, యీ సంఘంలోని పెద్దలందరిదీ.