శిలలు పలికిన చరిత్ర
మల్లంపల్లి సోమశేఖరశర్మగారి జీవితకృషి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



పెన్న యొడ్డున పుట్టి పెరిగినవారికి రాళ్లు క్రొత్త కావు. వానకు మొగము వాచిన ఈ సీమలో పంట పండని యేడు కలదు గాని రాయి కానరాని పొలము లేదు. అయినను ఆ రాళ్లలో కొన్ని మాటలాడును. పామిడికి ఉత్తరమున గుత్తి దాటి పత్తికొండ త్రోవ పట్టినచో ఎఱ్ఱగుడి గుట్టమీద అశోక చక్రవర్తి ధర్మశాసనములు కలవు. అవి బ్రాహ్మీ లిపిలో నున్నవి. ఆ గుట్ట చుట్టును పశువులు మేసిన తరము లెన్నియో గడచినవి. కాని 1929వ సంవత్సరమున అను ఘోష్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు చూచి గుర్తించు వరకును ఆ వ్రాతల సంగతి పండితలోకమునకు తెలియదు. ఈ పెన్న వెంబడి దిగువకు పోయినచో తాడిపత్రిలో విజయనగర కాలపు శిల్పముతో నిండిన రెండాలయములు కలవు. ఇంకను దిగువకు పోయి కడప సీమ చేరినచో కలమళ్లలో ఆరవ శతాబ్ది నాటి రేనాటి చోళుని తెలుగు శాసనము కలదు. చూచువారు కలుగు వరకు రాయి రాయియే. చదువువాడు వచ్చిన దినమున అదియే చరిత్ర యగును.

అట్లు చదివిన మహనీయులలో మల్లంపల్లి సోమశేఖరశర్మగా రొకరు. వారు 1891లో పశ్చిమగోదావరి సీమలోని మినిమించిలిపాడు అను పల్లెలో జన్మించిరి. వారికి విశ్వవిద్యాలయ పట్టము లేదు. రాజమహేంద్రవరమున దేశమాత పత్రికలో పనిచేసిరి. తరువాత మదరాసు చేరి కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు తోడ్పడిరి. లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో నొకరు. విద్య పండితుని గదిలో బందీగా నుండరాదనియు, తెలుగు చదువ నేర్చిన ప్రతివానికిని అందవలెననియు కోరిన మహాశయుడు. 1923లో ఆయన కీర్తిశేషు లైనను ఆ పని ఆగలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని చేపట్టగా శర్మగారు మరల నడుము కట్టిరి. శర్మగారి చదువు కళాశాలలో ముగిసినది కాదు; పుస్తకముల నడుమ, శాసనముల నడుమ జీవితాంతము సాగినది.

శాసనము చదువుట యన నేమో కొంచెము చెప్పవలెను. ముందుగా రాతిని కడిగి దుమ్ము పోగొట్టుదురు. తడికాగితమును దానిపై పఱచి, కుంచెతో మెల్లగా కొట్టి, అక్షరపు గుంటలలోనికి దింపుదురు. తరువాత సిరా అద్దుదురు. గట్టు నల్లబడును, గుంట తెల్లగా నిలుచును. నల్లని పలకపై తెల్లని అక్షరములు లేచి వచ్చును. అటుపై అసలు శ్రమ మొదలు. రాయి పగిలినచోట ఏ అక్షర ముండెనో, లిపి ఏ శతాబ్దిదో, శక సంవత్సర మేదో తేల్చవలెను. శక సంవత్సరమునకు డెబ్బదియెనిమిది కూడినచో సాధారణముగా క్రీస్తు శకము వచ్చును. శ్రీశైలమున అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపము శక 1299 నాటిది, అనగా క్రీ.శ. 1377. ఈ యొక్క లెక్క తెలిసినవాడు మల్లన్న దర్శనమునకు పోయినపుడు ఆ మండపమును చూచు చూపే మారిపోవును.

శాసనములలో రాజుల బిరుదములు మాత్రము చదివి సంతసించువారు కలరు. శర్మగారి చూపు అంతటితో నిలువలేదు. దానమిచ్చిన పొలమునకు ఎల్లలు చెప్పుచోట చెరువుకట్టలు, వాగులు, చెట్లు, పుట్టలు వచ్చును. పన్నుల పేర్లు, నాణెముల పేర్లు, కొలతల పేర్లు వచ్చును. రాజు పోవును గాని చెరువు నిలుచును. బిరుదము మాసిపోవును గాని పొలిమేర వ్యాజ్యము మాసిపోదు. గ్రామమున బ్రతుకువాడే ఈ భాగమును సులువుగా బోధపరుచుకొనగలడు.

వారి కృషిలో మకుటాయమానమైన దొకటి కలదు. 1323లో ఓరుగల్లు పడిపోయెను. ప్రతాపరుద్రునితో కాకతీయ రాజ్య మంతరించెను. అటు తరువాత తెలుగుదేశ మేమయ్యెను? చరిత్రలో అది చీకటి గది. కలువచేరు తామ్రశాసన మొకటి కలదు. 1423లో రాజమహేంద్రవరపు రెడ్డిరాణి అనితల్లి ఇచ్చినది. తన వంశమునకు చెందని ముసునూరి ప్రోలయ నాయకుని, కాపయ నాయకుని ఆ రాణి నూరేండ్ల తరువాత అందు స్మరించెను. ప్రోలయ నాయకుడే ఇచ్చిన విలస తామ్రశాసన మింకొకటి. రాజ్యము కూలిన దినములలో సేద్యగాని కష్టఫలము వానికి దక్కకపోయిన సంగతి అందు చెప్పబడినది. ఇట్టి యాధారములను కూర్చి శర్మగారు మరువబడిన ఆ యధ్యాయమును తిరిగి వ్రాసిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1945లో ఆ గ్రంథమును ప్రకటించెను. విలస శాసనమును వారును, నేలటూరి వేంకటరమణయ్యగారును కలిసి పరిష్కరించిరి. ఆ రాగిరేకులు ఏ కంచరివాని కొలిమిలోనో కరగిపోయి యుండినచో ఆ సేద్యగాండ్ర గోడు ఈనాడు వినువా రెవరు?

1948లో రెడ్డిరాజ్యముల చరిత్రమును కూడ విశ్వకళాపరిషత్తే ప్రకటించెను. అందు యుద్ధములే కాక ప్రజల జీవనము, వర్తకము, కళలు కూడ చోటు చేసికొన్నవి. శ్రీశైలమునకు, అహోబలమునకు మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి అందు కలడు. వసంతోత్సవములకు పేరెక్కిన కుమారగిరిరెడ్డి కలడు. శ్రీనాథుని హరవిలాసమున వర్ణింపబడిన అవచి తిప్పయ సెట్టి సముద్ర వ్యాపారము చరిత్ర కుపకరించినది. శాసనమును కావ్యముతోను, కావ్యమును శాసనముతోను సరిచూచుటయే శర్మగారి పద్ధతి. ఒక సాక్షి మాటకు రెండవ సాక్షిని పిలుచుట న్యాయస్థానమున నెట్లో చరిత్రలోను అట్లే.

శిల్పమును వారు వేఱుగా చూడలేదు. అమరావతీ స్తూపమును గూర్చి గ్రంథము వ్రాసిరి. ఆ స్తూపపు కథ మనకొక గుణపాఠము. 1797లో కల్నల్ మెకంజీ అచ్చటికి వచ్చునాటికే జనులు దిబ్బను త్రవ్వి రాళ్లను ఇండ్లకు, గుళ్లకు తీసికొనిపోవుచుండిరి. చెక్కిన చలువరాళ్లు కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయెను. మిగిలినవానిలో పెక్కు మదరాసునకును, లండనునకును చేరెను. శత్రువు చేసిన నష్టము కొంతయే. తెలియనితనము చేసిన నష్టము కొండంత.

సభాసదులారా! ఆ తెలియనితనము ఇంకను పోలేదు. గుప్తనిధి యున్నదని గుడి గర్భమును, నాగశిలను, వీరగల్లును పెకలించువారు రాయలసీమలో ఈనాటికిని కలరు. శాసనమును నిధికి గుర్తు అని భ్రమపడి పగులగొట్టుదురు. ఇది దురాశ. భక్తితో చేయు చెరుపు ఇంకొకటి కలదు. జీర్ణోద్ధారణ పేర శాసనములపై సున్నము, రంగు పూయుదురు. యంత్రముతో రాయి నునుపు చేయింతురు. ఏడువందల యేండ్ల యెండకు, వానకు చెడని అక్షరము ఒక్క పూటలో మాయమగును. పోయిన అక్షరమును ఏ పండితుడును తిరిగి తేలేడు.

సోమశేఖరశర్మగారు 1963లో పరమపదించిరి. వారికి విగ్రహము నెత్తుటకన్న మేలైన పని ఈ గ్రంథాలయము చేయగలదు. చుట్టుపట్ల పల్లెలలో అక్షరమున్న ప్రతి రాయిని ఒక పుస్తకమున నమోదు చేయవలెను: ఏ ఊరు, ఏ పొలము, ఏ గుడి, ఎవరు చూచిరి, ఏ దినమున. ఉదయపు టేటవాలు వెలుగులో అక్షరములు చక్కగా కనబడును. అపుడు చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రము తీయవలెను. సుద్ద గీయరాదు, మేకుతో గీకరాదు, నూనె పోయరాదు. ఆ చిత్రమును పురావస్తు శాఖవారికి పంపవలెను. దీనికి పట్టము అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. ఓపిక కలిగిన పాఠశాల విద్యార్థి చాలును.

ఈ యిరువదియైదేండ్లలో ఈ బీరువాలలోని పుస్తకములు ఎందరి చేతులో మారినవి. వానిలో ఏ చేయి రేపు ఒక శాసనమును చదువునో ఎవరికి తెలియును? మినిమించిలిపాడు కన్న పామిడి చిన్న ఊరు కాదు. ఆ చేయి వచ్చువరకు రాతిని కాపాడుట పొలముగలవారి పని. పుస్తకమును కాపాడుట గ్రంథాలయము పని. ఈ రెండును జరుగుగాక!