కంప్యూటరు శాస్త్రాచార్యుని జీవితము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక గ్రామము ఇరువదియైదు సంవత్సరములు తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. ఇట్టి సభలో కంప్యూటరు శాస్త్రమును బోధించువాని జీవితమును గూర్చి మాటలాడుమని నిర్వాహకులు నన్ను ఆజ్ఞాపించినారు. యంత్రములతో కాలము గడుపువానికి గ్రంథాలయముతో పని యేమని కొందరనుకొనవచ్చును. మా వృత్తిలో యంత్రము పనిముట్టు మాత్రమే. అసలు పని ఆలోచనకు క్రమము నేర్పుట. ఈ గ్రంథాలయమునే ఉదాహరణముగా తీసికొని ఆ మాటను విశదపరచెదను.

ఈ బీరువాలలో 1,000 పుస్తకములు అకారాది క్రమమున ఉన్నవనుకొనుడు. మీకొక పుస్తకము కావలెను. మొదటినుండి వరుసగా చూచుచు పోయినచో ఒక్కొక్కప్పుడు వేయింటిని చూడవలసి వచ్చును. అట్లుకాక నడిమి పుస్తకమును చూడుడు. మీరు కోరిన పేరు దానికి ముందు రావలసినదైనచో తరువాతి సగమును విడిచిపెట్టుడు. మిగిలిన సగమును మరల సగము చేయుడు. ఇట్లు 10 మార్లు చూచునప్పటికి పుస్తకము దొరకును, లేదా లేదని తేలిపోవును. పుస్తకములు 1,00,000 అయినను 17 మార్లు చాలును. మా మొదటి పాఠములలో ఇది యొకటి. దీనికొక్కటే నియమము: పుస్తకములు ముందుగా క్రమమున ఉండవలెను. గ్రంథపాలకుడొకడు ముందు పడిన శ్రమ వలన తరువాత వచ్చు వేయిమందికి శ్రమ తగ్గును. ఆచార్యుని పనియు సరిగా ఇట్టిదే.

బయటివారికి కనిపించునది తరగతిలోని గంట మాత్రమే. దానికి ముందు పాఠమును సిద్ధపరచుకొనవలెను. ప్రయోగశాలలో విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాములోని దోషమును అతనిచేతనే కనిపెట్టింపవలెను. ప్రశ్నపత్రములు కూర్చవలెను, జవాబులు దిద్దవలెను. పరిశోధక విద్యార్థుల వ్యాసములను పలుమార్లు సరిచూడవలెను. ఏ దేశమువారో వ్రాసిన పరిశోధన పత్రములను ప్రతిఫలము లేకయే పరిశీలించి అభిప్రాయము వ్రాసి పంపవలెను. తనిఖీ సంఘముల కొరకు దస్త్రములు నింపవలెను. వీటన్నిటికి తోడు మా శాస్త్రములో పనిముట్లు త్వరత్వరగా మారుచుండును. మారునదేదో, నిలుచునదేదో వేరుచేసి చెప్పుటయే ఆచార్యుని వివేకము. నేడు ప్రోగ్రాములను తామే వ్రాసియిచ్చు కృత్రిమ మేధా యంత్రములును వచ్చినవి. ఇక నేర్చుకొననేల యని విద్యార్థులు అడుగుచున్నారు. యంత్రము వ్రాసినది తప్పో ఒప్పో తేల్చుటకు తెలిసినవాడొకడు ఉండవలెను గదా!

ఇంత శ్రమకు ఫలమేమని అడిగినచో మన తెలుగువాడైన ఒక మహాచార్యుని చరిత్రమును చూపుదును. ఆయన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి గారు. రాజ్ రెడ్డి యను పేర లోకప్రసిద్ధులు. 1958లో మదరాసు గిండీ కళాశాలలో ఆయన పట్టము పొందినది సివిలు ఇంజనీరింగులో. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రములో డాక్టరేటు గైకొనిరి. పిమ్మట కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, మనుష్యుని మాటను యంత్రముచేత గ్రహింపజేయు పరిశోధనకు జీవితమును ధారపోసిరి. 1976లో వారి బృందము రూపొందించిన హార్పీ యను వ్యవస్థ సుమారు 1,000 మాటలను గుర్తించెను. దశాబ్దము దాటిన పిమ్మట వారి శిష్యుడు కై-ఫూ లీ, ఎవరు పలికినను గ్రహించు స్ఫింక్స్ వ్యవస్థను నిర్మించెను. గురువు వేసిన మెట్టుపై శిష్యుడు మరియొక మెట్టు కట్టెను. 1994లో రాజ్ రెడ్డి గారికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలిపి, ఈ శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి లభించెను. పది లక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కించి అందరికి అందింపవలెనను ఉద్యమమునకును వారే నాయకులు. ఆ ఉద్యమము వలన మన తెలుగు గ్రంథములును వేలకొలదిగా భద్రపరచబడినవి.

ఆ మహనీయుని చేయి మన ప్రాంతమును గూడ తాకినది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినప్పుడు వారు దాని పాలకమండలికి అధ్యక్షులుగా నుండిరి. పదవ తరగతి ముగిసిన గ్రామీణ విద్యార్థిని చేర్చుకొని 6 సంవత్సరములు చదివించు ఏర్పాటది. నాడు ఆదిలాబాదు జిల్లాలో నుండిన బాసర 2016 నుండి నిర్మల్ జిల్లాలో చేరినది. కరీంనగరము వైపున కొండగట్టు చెంత నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము వారి కళాశాల 2007లోనే ప్రారంభమైనది. ఇట్లు ఇంజనీరింగు విద్య మన పొలముల గట్ల వరకు వచ్చినది.

దారి దూరము తగ్గినది. కాని భాషాదూరము తగ్గలేదు. నేటి సభలో నా ముఖ్యమైన మనవి ఇదియే. తెలుగు మాధ్యమమున చదివివచ్చిన బాలుడు లెక్కలలో చురుకైనవాడైనను తరగతిలో మౌనముగా కూర్చుండును. వానికి ప్రశ్న లేక కాదు, ప్రశ్నకు ఇంగ్లీషు మాట దొరకక. సెమిస్టరు గడచును, ప్రశ్న గొంతులోనే నిలిచిపోవును. పరీక్ష తప్పిన తరువాత లోకము వానిని మందబుద్ధి యనును. ఇంతకంటె అన్యాయమేమి కలదు?

మన భాషతో యంత్రమునకు వైరము లేదు. యంత్రమునకు తెలిసినవి సంఖ్యలు మాత్రమే. లోకములోని లిపులన్నిటికి సంఖ్యలను కేటాయించు యూనికోడ్ పట్టికలో తెలుగునకు 1991లోనే స్థానము కలిగినది. అందు 'అ' కారము సంఖ్య 3077, 'క' కారము సంఖ్య 3093. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున కొలదిమంది వృద్ధులు మాత్రమే చదువగలిగిన గోండి లిపికి గూడ 2018లో ఆ పట్టికలో స్థానము లభించినది. అడవిపల్లెలోని లిపికి చోటిచ్చిన యంత్రము తెలుగు బిడ్డను కాదనునా? కొరత మన పుస్తకములలో ఉన్నది.

ఈ కొరతను తీర్చుట మనవారికి క్రొత్త కాదు. నిజాము రాజ్యములో తెలుగునకు ఆదరణము లేని కాలమున, 1901లో, పెద్దలు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1906లో అచ్చటనే వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రమును, ప్రకృతి శాస్త్రములను తెలుగున ప్రకటించెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రారంభమైనప్పుడు, అనువాద శాఖ నొకదానిని ఏర్పరచుకొని, ఉన్నత శాస్త్రములను ఉర్దూలో బోధించినది. దేశభాషలో పెద్ద చదువు చెప్పవచ్చునని మన గడ్డమీదనే ఋజువైనది గదా! ఇంగ్లీషును విడువుమని నేననుట లేదు. అది లేక మా శాస్త్రము సాగదు. మొదట విషయమును తల్లిభాషలో తెలిసికొన్నవాడు పిదప ఇంగ్లీషును సులభముగా దాటగలడు.

కావున నిర్వాహకులకు నా విన్నపము: ఈ గ్రంథాలయమున గణితమునకును, కంప్యూటరు శాస్త్రమునకును తెలుగు పుస్తకముల బీరువా నొకదానిని ఏర్పరుపుడు. నెలకొక ఆదివారము పరిసర కళాశాలల అధ్యాపకులను పిలిచి, విద్యార్థులచే తెలుగున ప్రశ్నలు అడిగింపుడు. మొదటి ఆదివారము నేను వచ్చెదను. అధ్యాపక మిత్రులకు నా విన్నపము: మీరు చెప్పిన పాఠములలో ఒక్కదానినైనను తెలుగున వ్రాసి ఈ బీరువాకు ఇండు. విద్యార్థులారా, మీ ప్రశ్న ఏ భాషలో పుట్టినదో ఆ భాషలోనే అడుగుడు. జవాబు చెప్పుట మా విధి.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ బీరువా నిండియుండవలెనని కోరుచున్నాను.