సంతకం ఎవరు పెట్టాలి?



మనం కూర్చున్న ఈ కలకత్తా సాల్ట్ లేక్ 1971లో శరణార్థి శిబిరం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు పెద్ద పెద్ద సిమెంటు గొట్టాల్లో కాపురాలు పెట్టారు. ఆ ఏడే సరిహద్దు దగ్గర బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరాతో తలపడ్డారు. సెలైన్ అడుగంటితే లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి తాగించిన కథ, 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగిన కథ మీకు కొత్త కాదు. నేను ఎప్పుడూ అడిగేది వేరు. ఆ నీళ్లు తాగించింది ఎవరు? సిబ్బంది చాలక తల్లులు, తోబుట్టువులు తాగించారు. వలసవాళ్లు పరిశోధనకు సహకరించరని నిన్న ఈ వేదిక మీదే ఒక ప్రొఫెసరుగారు సెలవిచ్చారు. అత్యవసర వైద్యంలో మన దేశం లోకానికిచ్చిన గొప్ప పాఠం వాళ్ల చేతుల మీదుగానే వచ్చిందని వారికి మనవి చేస్తున్నాను.

వలసవాళ్లు పరిశోధనల్లోకి రావడం లేదా, మనమే రానివ్వడం లేదా? ఏ ప్రోటోకాలైనా తిరగేయండి. భాష రానివాడు వద్దు, పక్కన బంధువు లేనివాడు వద్దు, నెల తర్వాత ఫోనుకు దొరకనివాడు వద్దు. టిటాగఢ్ జూట్ మిల్లులకూ, ఖరగ్‌పూర్ రైల్వేకూ తరాల కిందట వచ్చిన మన తెలుగువాళ్ల మాట కాదు, వాళ్లు ఇక్కడ కుదురుకున్నారు. నిన్న శ్రీకాకుళం నుంచి రైలు దిగి, ఇవాళ పరంజా మీంచి పడినవాడి సంగతి చెప్పండి.

రక్తస్రావానికి ట్రనెక్సామిక్ ఆమ్లం ఇచ్చి చూసిన క్రాష్-2 పరిశోధనలో 40 దేశాల్లో 20,211 మంది చేరారు, మన దేశంవాళ్లూ ఉన్నారు. దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తేనే మేలని, ఆలస్యమైతే కీడు కూడా జరగవచ్చని 2011లో తేలింది. స్పృహ లేనివాడి తరఫున శ్రీకాకుళం నుంచి అన్న వచ్చి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది.

అయితే పనిలో పెట్టుకున్న మేస్త్రి చేత ఆ సంతకం పెట్టిద్దామంటారు కొందరు మిత్రులు. నేను సభ్యుడిగా ఉన్న ఒక నైతిక సంఘంలో ఈ మాట మీదే ఏళ్ల తరబడి పోట్లాడాను. నా వెనకాల నన్ను 'మేస్త్రి వ్యతిరేకి' అంటారట, అననివ్వండి. ఖమ్మం జిల్లా మర్చిపోయారా? హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. అక్కడ సంభవించిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, నిజమే. కానీ అడగవలసినవాళ్లను అడగలేదన్న మాట మాత్రం మన మీద నిలిచిపోయింది. కూలి డబ్బు ఎవరి జేబులో ఉంటుందో, అడ్వాన్సు ఎవరి పద్దులో ఉంటుందో ఆ మనిషి చేత సమ్మతి పెట్టిస్తే అది సమ్మతి ఎలా అవుతుంది?

ఒంట్లో బాగున్నప్పుడే అడగాలి. ఆదివారం గుడిసెల దగ్గరికి వెళ్లి, మేస్త్రి లేనప్పుడు, వాళ్ల భాషలోనే అడగాలి: "నీకు స్పృహ లేకపోతే నీ మాట ఎవరు చెప్పాలి తమ్ముడూ? అలాంటప్పుడు ఇలాంటి పరిశోధనలో నిన్ను చేర్చుకోవచ్చా?" వద్దంటే వైద్యం ఆగదని, ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం అందుతుందని చెప్పాలి. తోటి కూలీ పేరు చెబితే అది రాసుకోవాలి. ఆ పేరును ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చో నైతిక సంఘాలు తేల్చాలి. విపత్తుల్లో పరిశోధనకు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఒక అధ్యాయమే కేటాయించింది. పరంజా కింద పడి ఉన్న ఒంటరివాడి కోసం అంత శ్రద్ధ మనకెందుకు లేదు? గుడిసెలకు వెళ్లి ముందే అడిగే ఈ పని చేసే కుర్రవాళ్లకు గ్రాంటూ రాదు, పత్రికలో చోటూ దొరకదు. అడిగితే 'ఇది వైద్యం కాదు, సమాజసేవ' అంటారు.

మధ్యాహ్నం పత్రాలు చదవబోయేవారికి ఒక విన్నపం. భాష రాక, బంధువు లేక, చిరునామా నిలవక మీరు పక్కన పెట్టినవారు ఎందరో మొదటి పట్టికలోనే చూపించండి. ఆ సంఖ్య కనిపించకపోతే నేనే లేచి అడుగుతాను, సమయం మించిందని గంట కొట్టినా కూర్చోను.