ఆరోగ్య బీమా – మన కొలువులు
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసినది. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని అందరమూ చెవులు రిక్కించి విన్నాము. అయితే సంసారాన్ని ఒక్క నెలలో తలకిందులు చేయగల వ్యయం ఒకటి ఉన్నది. అది ఆసుపత్రి ఖర్చు. దానికి పంచాంగంలో అంకె లేదు. ఆ ఖర్చును ఎవరు భరిస్తారు, ఏ షరతు మీద భరిస్తారు అనేదాన్నిబట్టి మనం ఏ కొలువులో చేరాలో, ఏది విడవాలో, ఏ ఊళ్ళో ఉండాలో కూడా తేలిపోతున్నది. నేను మనవి చేయదలచినది ఈ సంగతినే.

పుట్టిన ఊళ్ళో ఉన్నవాడికి జబ్బు చేస్తే చేబదులిచ్చే మేనమామ ఉంటాడు, గంజి కాచిపెట్టే పెద్దమ్మ ఉంటుంది. వలస వచ్చినవాడికి నెల జీతమే మేనమామ, నెల జీతమే పెద్దమ్మ. అందుచేత ఈ ప్రశ్న ఇతరులకంటే మనకు ఎక్కువ దగ్గరిది.

ముందుగా అమెరికా సంగతి చెబుతాను. మన పిల్లలు అనేకులు అక్కడ ఉన్నారు గనుక ఇది పరాయి కథ కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 లో, అక్కడి ప్రభుత్వం జీతాల పెంపుదలకు కట్టడి విధించినది. జీతం పెంచే వీలు లేక, మంచి పనివారిని ఆకర్షించడానికి యజమానులు ఆరోగ్య బీమా ఇవ్వసాగారు. ఆ సొమ్ముకు పన్ను మినహాయింపు కూడా దొరికినది. ఆ విధంగా వైద్యం కొలువుకు ముడిపడిపోయినది. ఫలితమేమి? ఇంట్లో రోగి ఉన్నవాడు, వేరేచోట మంచి అవకాశం వచ్చినా, ఉన్న ఉద్యోగాన్ని వదలలేకపోయాడు. వదిలితే కొత్త బీమావారు పాత జబ్బుకు డబ్బివ్వమనేవారు. దీనికి అక్కడి అర్థశాస్త్రజ్ఞులు 'జాబ్ లాక్' అని పేరు పెట్టారు. కొలువుకు వేసిన తాళం అన్నమాట. ఈ తాళంవల్ల, యజమాని బీమా ఉన్నవారిలో స్వచ్ఛందంగా ఉద్యోగం మారేవారు సుమారు 25 శాతం తగ్గుతున్నారని బ్రిజిట్ మాడ్రియన్ అనే అర్థశాస్త్రజ్ఞురాలు 1994 లో లెక్కగట్టారు.

2010 లో వచ్చిన సంస్కరణ చట్టం ఈ తాళాన్ని చాలావరకు తీసినది. 2014 నుంచి పాత జబ్బు ఉన్నదన్న కారణంతో బీమా నిరాకరించరాదన్నారు. 26 ఏళ్ళు వచ్చేవరకు పిల్లలు తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చునన్నారు. యజమానితో నిమిత్తం లేకుండా ఎవరికి వారే బీమా కొనుక్కొనే ఏర్పాటు చేశారు.

అప్పుడొక పెద్ద వాదం లేచినది. వైద్యం సులభమైతే జనం పని మానుకొంటారని ఒక పక్షం. ఈ చట్టంవల్ల 2024 నాటికి సుమారు 25 లక్షల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమైన పని తగ్గవచ్చునని అక్కడి పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం 2014 ఫిబ్రవరిలో అంచనా వేసినది. పత్రికలు గగ్గోలు పెట్టినవి. కాని ఆ అంచనాలోనే ఒక ముఖ్యమైన మాట ఉన్నది. ఈ తగ్గుదలలో ఎక్కువ భాగం యజమానులు తీసివేయడంవల్ల గాక, పనివారు తమంతట తామే తక్కువ పనిచేయదలచడంవల్ల వస్తుందని. అరవై రెండేళ్ళవాడు బీమా కోసం మాత్రమే చేస్తున్న పనిని మానుకొంటే, పసిబిడ్డ తల్లి పూటపనికి మారితే, అది సోమరితనమా, స్వేచ్ఛా? దీనిని ఎవరికి వారే ఆలోచించవలసి ఉన్నది.

అనుభవం ఏమి చెప్పినదో చూద్దాము. ఆరిగాన్ రాష్ట్రంలో 2008 లో పేదలకు ఉచిత బీమా ఇవ్వడానికి చాలినంత సొమ్ము లేక లాటరీ వేశారు. పేరు వచ్చినవారినీ రానివారినీ పోల్చి చూస్తే, బీమా దొరికినవారు చెప్పుకోదగినంతగా పని మానుకొన్నట్లు తేలలేదు. టెనెసీలో 2005 లో సుమారు లక్షా డెబ్బై వేలమందికి ప్రభుత్వ బీమా తీసివేసినప్పుడు మాత్రం, బీమా ఇచ్చే ఉద్యోగాల కోసం చాలామంది పరుగెత్తారని పరిశోధకులు చూపారు. ఆర్కన్సాలో 2018 లో నెలకు 80 గంటలు పని చేసినట్లు రుజువు చూపితేనే వైద్యమన్నారు. కొద్ది నెలల్లో సుమారు 18 వేలమంది బీమా పోగొట్టుకొన్నారు. ఉద్యోగాలు మాత్రం పెరగలేదు. 2019 లో న్యాయస్థానం ఆ షరతును ఆపివేసినది. కనుక ఒకే మాటతో తీర్పు చెప్పడానికి వీలులేదు. షరతు ఎక్కడ పెట్టారన్నదానిమీద ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. మన దేశంలో కొలువుకు ముడిపడిన వైద్యమంటే ప్రధానంగా ఇ.ఎస్.ఐ. ఆచార్య అదార్కర్ 1944 లో ఇచ్చిన నివేదికమీద 1948 లో చట్టం వచ్చినది. 1952 ఫిబ్రవరి 24 న కాన్పూరులో నెహ్రూగారు పథకాన్ని ప్రారంభించారు. 2019 జూలై నుంచి చందా యజమానికి జీతంలో 3.25 శాతం, పనివానికి 0.75 శాతం. దీనికి ప్రతిఫలంగా పనివానికీ, భార్యాబిడ్డలకూ, ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం ఉన్నది. జబ్బుపడితే ఏడాదిలో 91 రోజులవరకు జీతంలో 70 శాతం ఇస్తారు. కుటుంబం వేరే రాష్ట్రంలో ఉన్నా అక్కడ చూపించుకోవచ్చును. వలసవారికి ఇంతకంటే ఏమి కావలెను?

అయితే ఇందులోనూ ఒక తాళం ఉన్నది. జీతానికి ఒక హద్దు పెట్టారు. 2017 జనవరి 1 నుంచి ఆ హద్దు నెలకు 21,000 రూపాయలు. దీని లెక్క ఒక్కసారి చూడండి. నెలకు 20,500 తెచ్చుకొనేవాడు 154 రూపాయలు చందా కట్టి ఇంటిల్లిపాదికీ వైద్యం పొందుతాడు. యజమాని మెచ్చుకొని వెయ్యి రూపాయలు పెంచితే జీతం 21,500 అవుతుంది. చందా మిగులుతుంది, వైద్యం పోతుంది. ఇంట్లో మూత్రపిండాల జబ్బుతో తల్లి ఉన్నదనుకోండి, ఆ వెయ్యి వరమా, శాపమా? మేస్త్రీ పని ఇస్తామన్నా వద్దనుకొనే రోజు వస్తుంది. కష్టపడి పైకి రావలెనని ఊరు విడిచి వచ్చినవాడిని, పైకి రావద్దని నిలిపేది ఈ హద్దే. మెట్లుగా కాక గోడగా కట్టిన ప్రతి హద్దుకూ ఈ దోషం ఉంటుంది.

ఇక్కడ తెలిసి ఉండవలసిన సంగతులు మూడున్నవి. మొదటిది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని చందా కాలాలు రెండు. కాలం మధ్యలో జీతం హద్దు దాటితే ఆ కాలం ముగిసేవరకు చందా సాగుతుంది, దానికి తగిన లాభమూ తరువాతి కాలంలో అందుతుంది. కనుక చికిత్స నడుస్తున్న ఇంట్లో, పెంపుదల ఏ నెలలో వస్తున్నదో చూసుకోవలెను. రెండవది: హద్దు లెక్కలో ఓవర్‌టైం కూలిని చేర్చరు. హద్దు దాటుతుందన్న భయంతో అదనపు పని మానుకోనక్కరలేదు. మూడవది: అయిదేళ్ళు బీమాలో ఉండి పదవీ విరమణ చేసినవారికి ఏడాదికి 120 రూపాయల చందాతో దంపతులిద్దరికీ వైద్యం సాగించే నియమం ఉన్నది. ఈ హద్దులూ నియమాలూ అప్పుడప్పుడు మారుతుంటవి గనుక తాజా సంగతి స్థానిక ఇ.ఎస్.ఐ. కార్యాలయంలో అడిగి తెలుసుకోవలెను.

రెండవ గోడ పదిమంది గోడ. పదిమంది పనివారున్న చోటనే ఈ పథకం సాధారణంగా వర్తిస్తుంది. తెలంగాణ నుంచి వెళ్ళిన మన నేతపనివారు షోలాపురంలో దుప్పట్లు, తువాళ్ళు నేస్తున్నారు. అక్కడే మన ఆడపడుచులు ఇంటిపట్టున బీడీలు చుడుతున్నారు. నాలుగు మగ్గాల షెడ్డులో పనిచేసేవాడికీ, పెద్ద కార్ఖానాలో పనిచేసేవాడికీ వచ్చే జబ్బు ఒకటే. దొరికే ఆసరా మాత్రం ఒకటి కాదు. అందుచేత చాలామంది కూలి తక్కువైనా పెద్ద కార్ఖానానే వెతుక్కొంటారు. సొంత మగ్గం పెట్టుకొనే తెలివితేటలున్నవాడు కూడా ఒకరికింద ఉండిపోతాడు. వర్తకమూ స్వతంత్ర వృత్తులూ మనవారిలో పెరగకపోవడానికి ఇది కూడ ఒక కారణమని నా నమ్మకం.

మూడవ గోడ రాష్ట్రపు పొలిమేర. 2007 ఏప్రిల్ 1 న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనది. కొలువుతో పనిలేకుండా పేదవానికి పెద్ద శస్త్రచికిత్స చేయించిన పథకమది. తమిళనాడులో 2009 లోనూ, మహారాష్ట్రలో 2012 లోనూ అటువంటివే వచ్చినవి. కాని ఈ పథకాలు ఆయా రాష్ట్రాల రేషను కార్డుకో, నివాసానికో కట్టుబడినవి. అక్కడి కార్డు తీసివేసుకొంటే ఇక్కడ వస్తుందో రాదో తెలియదు. ఉంచుకొంటే జబ్బు చేసినప్పుడు రైలెక్కాలి. రోగం ముదిరిన తరువాత రైలు ప్రయాణం ఎంతటిదో మనలో చాలా ఇళ్ళకు తెలుసు.

2018 సెప్టెంబరులో రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ఈ గోడలో ఒక తలుపు తెరిచినది. కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షలవరకు, చేరిన ఏ రాష్ట్రపు ఆసుపత్రిలోనైనా చికిత్స పొందవచ్చును. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనిని వర్తింపజేశారు. 2025 లో ఒడిషా కూడ చేరినది గనుక బరంపురం, రాయగడ ప్రాంతాల మనవారికి ఇది మేలు. యానాంవారి కార్డు పుదుచ్చేరిది, దగ్గరి పెద్ద పట్టణం కాకినాడ. వారికి ఈ తలుపు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అయితే ఇది ఆసుపత్రిలో చేరినవారికే. రోజూ మింగే బిళ్ళల ఖర్చు మన జేబుదే.

ఇప్పుడు సంఘానికి నా మనవి. ఉగాదికి పులిహోర, పాటకచేరి ఉండవలసినదే. దానితోపాటు నెలకొక ఆదివారం సంఘ భవనంలో ఒక బల్ల వేయండి. ఇద్దరు చదువుకొన్న యువకులు కూర్చోవలెను. ఎవరికి ఇ.ఎస్.ఐ. అంకె ఉన్నది, ఎవరి పిల్లల పేర్లు చేర్చలేదు, ఎవరి తల్లికి 70 దాటినవి అని చూసి కాగితాలు సరిచేయవలెను. స్త్రీలు ఈ విషయంలో ముందుకు రావలెను. ఆసుపత్రి వరుసలో నిలబడేది వారే గదా.

మన పెద్దలు చేతి పనితనాన్ని నమ్ముకొని సరిహద్దులు దాటారు. మన పిల్లలు ఏ పని చేయాలో వారి పనితనమే నిర్ణయించవలెను. తల్లి జబ్బు నిర్ణయించకూడదు. సంస్కరణకు అసలు పరీక్ష ఇదేనని నా అభిప్రాయము.

అందరికీ నూతన సంవత్సరము ఆయురారోగ్యములను కలిగించుగాక. శుభం.