గృహసంఘములు – సభ్యుల బాధ్యతలు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో గావించిన ప్రసంగము)



ఇట్టి వేదికపై విద్యను గూర్చియో, మాతృభాషను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నన్ను పిలిచినవారు మాత్రము, “మీరు పెక్కేండ్లు హౌసింగు సొసైటీ పనులు చూచినారు గదా, మనవారికి ఆ నియమముల సంగతి నాలుగు మాటలు చెప్పుడు” అని కోరిరి. నేను న్యాయవాదిని కాను. ఒక చిన్న పొరపాటు చేసి, దాని ఫలమును 28 సంవత్సరముల తరువాత కన్నులార చూచినవాడను. నాకున్న అర్హత అదియే.

మనలో అనేకుల పెద్దలు కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి వచ్చి ఈ ముంబయి నగరపు బట్టల మిల్లులలో సాంచెల ముందర నిలబడినవారు. వర్లీ, నాయగావు, లోయరు పరేలు చాళలలో ఒక్కొక్క గదిలో ఎనమండ్రుగురు, పదుగురు కాపురముండిరి. 1920వ దశకమున అప్పటి ప్రభుత్వపు బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు కట్టించిన బి.డి.డి. చాళలలో ఒక్కొక్క గది వైశాల్యము 160 చదరపు అడుగులు. అందు పుట్టి పెరిగినవారు ఈ సభలో ఎందరో యున్నారని నాకు తెలియును. నేనును అట్టి గదిలోనే ఓనమాలు దిద్దితిని.

చాళలో మనకు తెలిసినది ఒక్కటే: అద్దె. 1947 నాటి అద్దెల చట్టము ప్రకారము 1940 సెప్టెంబరు నాటి అద్దెలే ప్రమాణములుగా నిలిచిపోయినవి. తరములు మారినను అద్దె మారలేదు. అది మనకు మేలే చేసినది, కాదనను. కాని అంత స్వల్పమైన అద్దెతో ఇంటి యజమాని భవనమునకు మరమ్మతు చేయింపడయ్యెను. గోడలు చెమ్మగిల్లెను, వాకిళ్ల దూలములు పుచ్చెను. చివరకు ప్రభుత్వమే 1969లో చట్టము చేసి, పన్ను విధించి, మరమ్మతుల బోర్డు నేర్పరుపవలసి వచ్చెను. భవనమునకు పెట్టవలసిన సొమ్ము ఎవరో ఒకరు పెట్టక తప్పదు. చాళలో నున్నంతకాలము “ఆ ఎవరో” మనము కామని నమ్మి బ్రతికితిమి.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వమున మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైనది. ఆ తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. చేతికి వచ్చిన ప్రావిడెంటు ఫండు సొమ్ముతో మనవారు కొందరు శివారులలో చిన్న చిన్న ఫ్లాట్లు కొనుక్కొనిరి. మా తండ్రిగారును అట్లే కొనిరి. సొంత ఇల్లు! ఇక ఎవరికిని అద్దె కట్టనక్కరలేదని మా అమ్మ దేవునికి కొబ్బరికాయ కొట్టినది. మరుసటి నెలలోనే తలుపు సందులోనుండి మెయింటెనెన్సు బిల్లు వచ్చి పడెను. “ఇదేమిరా, సొంత ఇంటికి మరల అద్దె యేమి?” అని ఆమె అడిగిన ప్రశ్నకు మా ఇంటిలో ఎవ్వరును సమాధానము చెప్పలేకపోయిరి.

ఆ సమాధానమును ఇప్పుడు చెప్పుచున్నాను. మహారాష్ట్ర సహకార సంఘముల చట్టము 1960లో వచ్చినది. సహకార గృహసంఘము లంతకు పూర్వమే యున్నవి. గాందేవిలోని సారస్వతుల సంఘము 1915 నాటిది. ఇప్పుడు ఈ రాష్ట్రమున గృహసంఘముల కొరకు ఆ చట్టములో 2019లో ప్రత్యేకాధ్యాయమును చేర్చిరి. ఈ పద్ధతి ప్రకారము భవనమునకు యజమాని సంఘము. మనము సంఘములో వాటాదారులము. ఫ్లాటు మనది, మెట్లు, గోడలు, డాబా, నీటి ట్యాంకి, మురుగు గొట్టములు అందరివి. అందరివైన వానికి అందరును పెట్టు ఖర్చే ఆ బిల్లు. కొన్ని భవనములు 1970 నాటి అపార్టుమెంటు యాజమాన్య చట్టము క్రిందికి వచ్చును. అచ్చట ఖర్చును ఒక్కొక్కరికి గల అవిభక్త భాగమును బట్టి పంచుదురు, కావున పెద్ద ఫ్లాటువారు ఎక్కువ చెల్లింపవలెను. తమ భవనము ఏ చట్టము క్రిందిదో ఎరుగకయే జగడమాడువారిని నేను చాలమందిని చూచితిని.

సహకార సంఘమున లెక్క వేరు. వాచ్‌మన్ జీతము, ఊడ్చువారి జీతము, మెట్లమీది దీపములు, ఆఫీసు ఖర్చు, ఇవి సేవా రుసుములు. ఇవి ఫ్లాటు చిన్నదైనను పెద్దదైనను సమానమే. ఇది అన్యాయమని కొందరందురు. కాని వాచ్‌మన్ రెండు గదుల ఇంటికి ఒక కన్నుతోను, నాలుగు గదుల ఇంటికి రెండు కన్నులతోను కాపలా కాయడు గదా! నీటి రుసుము కొళాయిల సంఖ్యను, పరిమాణమును బట్టి పంచబడును. ఆస్తిపన్ను మునిసిపాలిటీ ఏ ఫ్లాటునకు ఎంత వేసిన అంత. ముంబయి కార్పొరేషను హద్దులలో 500 చదరపు అడుగులకు మించని నివాసములకు 2022 జనవరి నుండి మినహాయింపు లభించినది గనుక, అట్టివారు తమ బిల్లులో ఆ పద్దు ఇంకను ఉన్నదేమో చూచుకొనవలెను. లిఫ్టు ఖర్చు ఆ భవనములోని సభ్యులందరికి సమానము, ఎక్కినను ఎక్కకున్నను. నేలయంతస్తువారు దీనిని ఎన్నడును సహింపరు. వారికి నేను చెప్పగలిగినది ఒక్కటే: డాబా కారినపుడు పై యంతస్తువాడొక్కడే మరమ్మతు భరింపనక్కరలేదు, అదియును సంఘము ఖర్చే, అందులో మీ భాగమును కలదు. స్నానాల గది కారి క్రింది ఇంటి పైకప్పు తడిసినచో మాత్రము ఆ మరమ్మతు పైన నున్న సభ్యునిదే.

మిగిలినవి రెండు పద్దులు. చూచుటకు మిక్కిలి చిన్నవి. నా కథ యంతయు వాని యందే యున్నది.

ఒకటి రిపేరు ఫండు. ఆదర్శ బైలాల ప్రకారము ఫ్లాటు నిర్మాణవ్యయములో సంవత్సరమునకు కనీసము నూటికి 0.75 వంతు. రెండవది సింకింగు ఫండు. నిర్మాణవ్యయములో, స్థలపు వెల విడిచి, సంవత్సరమునకు కనీసము నూటికి 0.25 వంతు. ఇది భవనము ముసలిదైనపుడు పెద్ద మరమ్మతులకో, పునర్నిర్మాణమునకో ఉపయోగించుటకు దాచి ఉంచవలసిన సొమ్ము.

మా భవనమున 24 ఫ్లాట్లు. సంఘము 1986లో రిజిస్టరైనది. ఒక్కొక్క ఫ్లాటు నిర్మాణవ్యయము 96 వేలు. లెక్క కట్టగా రిపేరు ఫండు నెలకు 60 రూపాయలు, సింకింగు ఫండు 20 రూపాయలు. 1987లో జరిగిన సర్వసభ్య సమావేశమున నేను కోశాధికారిని. సభ సాగుటకు మూడింట రెండువంతుల మంది, అనగా 16 మంది కావలెను. వచ్చినవారు తొమ్మండుగురు. నియమము ప్రకారము అరగంట వాయిదా వేసి, ఆ తొమ్మండుగురితోనే సభ జరిపితిమి. “మిల్లులు మూతపడియున్నవి, జనులు తిండికి కటకటలాడుచున్నారు, భవనము క్రొత్తది, ఈ 20 రూపాయలు ఇప్పుడెందుకు?” అని ఒకరు లేవనెత్తిరి. మాట సబబుగానే తోచినది. సింకింగు ఫండు వసూలును నిలిపివేయవలెనని తీర్మానించితిమి. అది బైలాకు విరుద్ధమని ఎరిగియు సంతకము చేసితిని. తరువాతి కమిటీలు ఆ తీర్మానమును కదపలేదు. ఓట్లడుగువాడెవ్వడు బిల్లు పెంచును?

2015లో ఒకనాటి సాయంకాలము, పిల్లలు బడినుండి వచ్చు వేళకు, రెండవ అంతస్తు మెట్ల పైకప్పునుండి సిమెంటు పెచ్చు విరిగి పడెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. ఒక పాప పుస్తకాల సంచి మాత్రము ఆ దిబ్బ క్రింద నలిగిపోయినది. ఆమె అప్పుడే చెప్పుల ముడి సవరించుకొనుటకు వంగి, సంచిని ప్రక్కన పెట్టినదట. ఇంజనీరును పిలిపించితిమి. భవనమునకు 15 సంవత్సరములు నిండిన పిమ్మట అయిదేండ్లకొకసారి, 30 నిండిన పిమ్మట మూడేండ్లకొకసారి కట్టడపు పరీక్ష చేయింపవలెనని ఆదర్శ బైలాలలో నున్నది. మేము అంతవరకు ఒక్కసారియు చేయింపలేదు. లోపలి ఇనుము తుప్పు పట్టినదనియు, స్తంభములకు కవచము కట్టవలెననియు, 36 లక్షలు కావలెననియు ఆయన చెప్పెను. ఫ్లాటునకు లక్షన్నర.

ఆ రాత్రి నేను కాగితము తీసికొని లెక్క వేసికొంటిని. నెలకు 20 రూపాయల చొప్పున 24 ఫ్లాట్లు 28 ఏండ్లు కట్టి, నూటికి 9 చొప్పున చక్రవడ్డీ వచ్చియుండినచో సుమారు ఆరున్నర లక్షలు. అది 36 లక్షలకు చాలునా యని అడుగుదురు. చాలదు. పాత నిర్మాణవ్యయముపై వేయు కనీసపు రేటు ఎన్నడును చాలదు. అందుచేతనే రేటు పెంచుకొను అధికారము సర్వసభ్య సమావేశమునకు కలదు. కాని 2005లో రెండు లక్షల పైచిలుకు చేతిలో నుండినచో, డాబా మొదట కారినపుడే బాగుచేయించి యుందుము. ఇనుము వరకు నీరు దిగకపోవును.

మా పై యంతస్తున ఒక పెద్దాయన ఉండెడివాడు. మేమందరము మామ యని పిలిచెడివారము. మిల్లు మూతపడిన పిదప రాత్రివేళ ఒక గోదాములో కాపలా ఉద్యోగము చేసినవాడు. అందుచేత 1987 నాటి సభకు రాలేకపోయెను. ఆయన లక్షన్నర తేలేకపోయెను. నెలకు వేయి రూపాయలు కట్టెదనని వేడుకొనెను. 2014 నాటి ఆదర్శ బైలాలలో బకాయిపై నూటికి 21 వరకు వడ్డీ వేయుటకు వీలున్నది. కమిటీ ఆ గరిష్ఠమునే వేసినది. అప్పుడు నేను కార్యదర్శిని. నోటీసుపై సంతకము నాదే. ఆయన ఇంటికి నీరు బందు చేయుదమని కొందరనిరి. అది మాత్రము జరుగనీయలేదు. బకాయి వసూలునకు చట్టమున రిజిస్ట్రారు ద్వారా వేరు మార్గమున్నది; కొళాయి తిప్పు అధికారము కమిటీకి లేదు. 21 వరకు అన్నచోట 6 వేసినను చెల్లునని, వాయిదాలు ఇచ్చుటకు సభ తీర్మానము చాలునని నేను గట్టిగా వాదింపవలసియుండెను. వాదింపలేదు.

ఆయన ఫ్లాటు అమ్మివేసి సిరిసిల్ల వెళ్లిపోయెను. బకాయి లేదను పత్రము కొరకు నా యొద్దకు వచ్చినపుడు, “అయ్యా, లెక్క సరిగా చూడు, నాది యేమైన మిగిలినదా?” అని మాత్రము అడిగెను. ఏమియు మిగులలేదు.

ఇక మీ హక్కుల సంగతి త్వరగా చెప్పెదను. ఫ్లాటు చేతులు మారునపుడు సంఘము తీసికొనదగిన ప్రీమియము కార్పొరేషను ప్రాంతములలో 25 వేలకు మించరాదని 2001లోనే ప్రభుత్వము ఉత్తరువిచ్చినది. “విరాళము” పేరిట అంతకు మించి అడిగినచో ఇయ్యనక్కరలేదు. ఫ్లాటు అద్దెకిచ్చినపుడు వేయు రుసుము సేవా రుసుములలో పదవ వంతును మించరాదు. మీ కుమారుడో కుమార్తెయో అందు నివసించుచున్నచో అదియును లేదు. రసీదు లేనిదే పైకము ఇయ్యకుడు. లెక్కలు చూడదలచినచో అడుగుడు. అడుగుట కమిటీని అవమానించుట కాదు. నేను కోశాధికారిగా నుండినపుడు అడిగినవాడు లేడు, ఉండినచో నాకే మేలు కలిగియుండును.

ఈ మాటలు ఈనాడు ఎక్కువ అవసరమగుటకు కారణమున్నది. 2025 ఆగస్టులో వర్లీ బి.డి.డి. చాళల స్థానమున కట్టిన ఎత్తైన భవనములలో తొలి విడతగా 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల ఇండ్లు ఇచ్చిరి. మిగిలిన చాళలవారును క్రమముగా అట్టి ఇండ్లకు చేరుదురు. నలువది అంతస్తుల భవనమున లిఫ్టులు, నీటి మోటార్లు, అగ్నిమాపక యంత్రములు రాత్రింబగళ్లు పనిచేయవలెను. చాళ అద్దెకు అలవడిన మనస్సుతో ఆ బిల్లును చూచినవారికి గుండె ఝల్లుమనును. తాళపుచెవులు పుచ్చుకొనునపుడే నెలకు ఎంతయగునో, నిధి ఎంత యున్నదో, అది ఎవరి చేతిలో నున్నదో అడిగి తెలిసికొనుడు.

మరియొక చిక్కు మనవారికి ప్రత్యేకము. నోటీసులు మరాఠీలో వచ్చును. పెద్దలు చదువలేరు, చదువలేమని చెప్పుటకు సిగ్గుపడి, చూపిన చోట సంతకము చేయుదురు. సభకు వచ్చినను వెనుక కూర్చుండి లేచిపోవుదురు. వార్షిక సమావేశము సెప్టెంబరు 30లోగా జరుగవలెను. పదునాలుగు పూర్తి దినముల ముందు నోటీసు రావలెను. ఆ పదునాలుగు దినములలో మీ ఇంటి పిల్లవానిచేత దానిని చదివించుకొనుటకు కావలసినంత వ్యవధి యున్నది. మన పాఠశాలలో మరాఠీ, తెలుగు రెండును చెప్పుచున్నారు గదా.

మా భవనమున ఇప్పుడు సింకింగు ఫండునకు ఫ్లాటునకు నెలకు 300 రూపాయలు వసూలు చేయుచున్నాము. కట్టలేని వారికి వాయిదాలు ఇచ్చుటకు ఒక తీర్మానమున్నది. గడచిన సర్వసభ్య సమావేశమునకు 24 ఫ్లాట్లనుండి 19 మంది వచ్చిరి. నోటీసు ప్రక్కనే గోడపై అంటించిన తెలుగు అనువాదమును వ్రాసినది ఈ పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలిక. అందు రెండు తప్పులున్నవి, మేము దిద్దలేదు.